ఆన్‌కాస్ట్ గుమాస్తా ఇడ్లీ పిండి

రైల్వే వర్క్‌షాపు ఖాతాల్లో ఆన్‌కాస్ట్ లెక్కలు కట్టి రిటైరైనవాణ్ణి నేను. ఆ తరవాత బిలాస్‌పూర్‌లోని మోప్కాలో ఇడ్లీ పిండి, ఆవకాయ, కందిపొడి అమ్ముతూ, కొట్టు ఎంత కిటకిటలాడినా నెలాఖరుకి చేతిలో ఏమీ ఎందుకు నిలవడం లేదో పోల్చుకోలేకపోయినవాణ్ణీ నేనే. లెక్కలు రానివాడు వ్యాపారంలో మునిగితే నలుగురూ అయ్యో అంటారు. ఖాతాల గుమాస్తా మునిగితే ఏమనాలో ఎవరికీ తోచదు. అందుకే మా వీధిలో ఎవరూ ఏమీ అనలేదు. ఆ లోటు నేనే తీర్చుకుంటున్నాను.

ముందు నా పాండిత్యం సంగతి చెప్పాలి. వర్క్‌షాపులోకి ఒక వ్యాగను మరమ్మతుకి వస్తుంది. దానికి వేసిన ఇనుము, ఫిట్టరు కూలి ఆ పని తాలూకు జాబ్ కార్డులోకి ఎక్కుతాయి. మరి ఫోర్‌మన్ జీతం? షెడ్డులో దీపాలు? క్రేనుకి పోసిన నూనె? గేటు దగ్గర హాజరు వేసుకునే టైమ్ ఆఫీసు? ఇవి ఏ ఒక్క వ్యాగనుకీ చెందవు, అన్నిటికీ చెందుతాయి. వాటిని కూలి మీద ఇంత శాతం అని పనులన్నిటికీ పంచితే అది ఆన్‌కాస్ట్. షాప్ ఆన్‌కాస్ట్, జనరల్ ఆన్‌కాస్ట్, బయటివాళ్ళకి చేసిన పనైతే ప్రొఫార్మా ఆన్‌కాస్ట్ అని ఇంకొకటి. ఈ శాతాలు కట్టడంలో, ఆడిట్ అభ్యంతరాలకి జవాబులు రాయడంలో నా ఉద్యోగం గడిచిపోయింది. ఆ అంకెని పట్టుకుని ఫలానా పని చెయ్యాలా మానాలా అని తేల్చవలసిన అవసరం మాత్రం నాకెప్పుడూ పడలేదు. అది పైవాళ్ళు చూసుకునేవారు. పైసాతో సహా కూడిక సరిపోతే నా పని అయిపోయినట్టే. కూడిక సరిపోయిన అంకె దేనికీ పనికిరాకపోవచ్చన్న అనుమానం ఆ కుర్చీలో కూచున్నంతకాలం నాకు రాలేదు.

మా తాతది పార్వతీపురం దగ్గర పల్లె. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగపూర్ రైల్వే నాగపూర్ లైనుని బిలాస్‌పూర్ మీదుగా 1891కల్లా ఆసన్‌సోల్ దాకా వేసింది. 1931లో రాయపూర్, విజయనగరాల మధ్య లైను పూర్తయ్యింది. దాంతో బొబ్బిలి, పార్వతీపురం వైపు వాళ్ళకి ఈ ప్రాంతం దగ్గరైంది. గ్యాంగు పనికనీ, లోకో షెడ్డులో కొలువనీ వచ్చినవాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. మా తాత ఆ వరసలో వచ్చాడు. మా నాన్న రైల్వే, నేనూ రైల్వే. తోర్వా దగ్గర, రైల్వే కాలనీలో, బుధవారీ బజార్లో ఇప్పటికీ తెలుగు వినబడటానికి కారణం ఇదే. క్వార్టరు ఖాళీ చేశాక సీపత్ రోడ్డు వైపు మోప్కాలో ఇల్లు కట్టుకున్నాను. కొన్నేళ్ళ కిందటి దాకా అది పంచాయతీ, ఇప్పుడు నగరంలో కలిసింది. స్థలం చవగ్గా దొరికిన రోజులవి. ఇంట్లో వీధి వైపు గది ఒకటి ఖాళీగా ఉండేది. ఒకాయన నెలకి నాలుగు వేలు అద్దె ఇస్తానన్నాడు. ఇవ్వనన్నాను. ఖాళీ గది, ఖాళీ మొగుడు, వంట బాగా వచ్చిన పెళ్ళాం. కొట్టు పెట్టడానికి ఇంకేం కావాలనుకున్నాను.

ఇక్కడివాళ్ళకి బియ్యప్పిండితో పోసే చీలా ఉంది. మన అట్టుకి దగ్గర చుట్టమే. కాబట్టి దోసె వాళ్ళకి కొత్త కాదు. రుబ్బి పులియబెట్టే ఓపిక లేనివాళ్ళు మాత్రం తెలుగు, ఛత్తీస్‌గఢీ తేడా లేకుండా అన్ని ఇళ్ళలోనూ ఉన్నారు. కిలో పిండికి పట్టే బియ్యం, మినప్పప్పు కలిపి 28 రూపాయలు. కిలో 50కి పెట్టాను. అంటే 22 లాభం. రోజుకి ఇరవై కిలోల లెక్కన నెలకి 600 కిలోలు. వెరసి 13,200 రూపాయలు. ఈ గుణకారం నేను కాగితం మీద కూడా చెయ్యలేదు, నోటితోనే చేసి విశాఖలో ఉన్న చెల్లెలికి ఫోన్లో వినిపించాను. పిండి ఒక్కదాని మీదే ఇంత, పచ్చళ్ళూ పొడులూ వేరే అన్నాను. పెన్షను డబ్బు ముట్టుకోకుండా బతికేస్తామని కూడా అన్నట్టు గుర్తు.

ఆ గుణకారంలోకి రాని ఖర్చులు ఇవి. కిలోకి పిండి కవరు రెండు రూపాయలు. గ్రైండరు కరెంటు రెండు. ఇళ్ళకి తీసుకెళ్ళి ఇచ్చే కుర్రాడికి కిలోకి నాలుగు. ఇక పులిసిపోయి పారబోసింది. మే నెలలో 45 డిగ్రీల దగ్గరికి పోయే ఊళ్ళో పొద్దున్న అమ్ముడుపోని పిండి సాయంత్రానికి ఏమవుతుందో ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన నాకు ఒకరు చెప్పాలా? సగటున అదీ కిలోకి నాలుగు రూపాయలు పడింది. అన్నీ కలిపితే కిలో 40. నేను 22 అనుకుంటున్న చోట ఉన్నది 10. ఈ సంగతి కొట్టు తెరిచిన ఏడాదికి గాని నాకు తెలియలేదు. తెలియకపోవడానికి కారణం చిన్నదే. కవర్లు పెన్షను అకౌంటులోంచి కొన్నాను, కరెంటు ఇంటి బిల్లులో కలిసిపోయింది, పారబోసింది ఎవరూ రాయలేదు. వర్క్‌షాపులో ఎవడైనా ఒక పని ఖర్చు ఇంకో పని కార్డు మీద రాస్తే పెద్ద పెద్ద నోట్లు రాసి పంపినవాణ్ణి.

జంతికల కథ దీనికన్నా సిగ్గుచేటు. పద్దెనిమిది వేలు పోసి జంతికల మిషను కొన్నాను. కొన్నాళ్ళు బాగానే నడిచింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై పొద్దుతిరుగుడు నూనె ధర పైకి పోయింది. ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది, మళ్ళీ మే 23న గాని వదల్లేదు. ఎక్కడో సముద్రాల అవతల జరిగింది మా మోప్కా కిరాణా కొట్లో నూనె డబ్బా మీద తేలింది. కిలో జంతికలు 240కి అమ్ముతున్నాను. నూనె, పిండి, గ్యాసు, కవరు కలిపి 255 అవుతోంది. ధర పెంచితే కొనేవాడు లేడు. మా ఆవిడ ఆపేద్దామండీ అంది.

"పద్దెనిమిది వేలు పోశాను కదే మిషనుకి! అవి రాబట్టుకోవద్దూ?"

"రాబడుతున్నారా, ఇంకా పోస్తున్నారా?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. కిలోకి పదిహేను రూపాయల చొప్పున ఇంకొన్ని నెలలు పోశాను. మిషను కొన్న డబ్బు ఏ రోజైతే కొన్నానో ఆ రోజే పోయింది. జంతికలు వండినా తిరిగి రాదు, మానినా తిరిగి రాదు. చూడవలసింది ముందు కిలో వండితే వచ్చేదెంత, పోయేదెంత అన్నదొక్కటే. ఇది తెలుసుకోడానికి పట్టా అక్కర్లేదని మా ఆవిడ రుజువు చేసింది. పట్టా ఉంటే అడ్డమేమో అని నాకిప్పుడు అనుమానం.

ఆవిడ ప్రసక్తి వచ్చింది కాబట్టి అదీ ఒప్పేసుకుంటాను. కొట్టు పెట్టకముందు ఆవిడ ఇంట్లో జాకెట్లు కుట్టేది. నెలకి ఆరేడు వేలు వచ్చేవి. కొట్టు వచ్చాక తెల్లవారుజామున లేచి పిండి, మధ్యాహ్నం పొడులు, రాత్రికి మళ్ళీ పప్పు నానబోయడం. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేశాం. నా పుస్తకంలో ఆవిడ కూలి సున్నా. వీధి గది అద్దె కూడా సున్నా, మన గదే కదా! చేతిలోంచి రూపాయి బయటికి పోతేనే ఖర్చు అని నా నమ్మకం. రావలసిన రూపాయి రాకుండా పోయినా అది ఖర్చేనన్న ఊహ లేదు.

ఆ 2022 వేసవిలోనే ఈ పాఠం నా కళ్ళ ముందు రైలు పట్టాల మీద నడిచింది. విద్యుత్కేంద్రాలకి బొగ్గు కొరత వచ్చింది. బొగ్గు రేకులకి, అంటే బొగ్గు మోసే సరుకు బళ్ళకి, దారివ్వడానికి ప్యాసింజరు బళ్ళు రద్దు చేశారు. బిలాస్‌పూర్ ముఖ్యకేంద్రంగా ఉన్న దక్షిణ తూర్పు మధ్య రైల్వే బొగ్గు మీద బతికే జోను కాబట్టి ఇక్కడ ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. పట్టా ఒకటే. దాని మీద ఈ గంటలో ప్యాసింజరు బండి వెళ్తే బొగ్గు రేకు ఆగాలి. రేకు వెళ్తే మనం ఆగాలి. అప్పుడు ప్యాసింజరు బండికయ్యే ఖర్చు కరెంటూ, డ్రైవరు జీతమూ మాత్రమే కాదు, దానివల్ల ఆగిపోయిన రేకు ఆదాయం కూడా. ప్రయాణం రద్దయినవాడిగా నాకు కోపం వచ్చింది, అది న్యాయమే. కానీ స్టేషనులో నిలబడి "ఆఁ, బొగ్గులో డబ్బుందిలే!" అని నిష్ఠూరమాడిన నోటికి, నా వీధి గదిలోంచి నెలనెలా నాలుగు వేల రేకొకటి వెళ్ళకుండా ఆగిపోతోందని అర్థం కాలేదు.

ఇంతవరకూ చెప్పింది అజ్ఞానం. అసలు వెర్రితనం లెక్క రాయడం మొదలుపెట్టాక వచ్చింది.

జంతికలు మానేశాక పంతం పట్టి కొత్త పుస్తకం కొన్నాను. నా పాత విద్య మొత్తం బయటికి తీశాను. ఇంగ్లండులో పింగాణీ సామాను చేసిన జొసయా వెడ్జ్‌వుడ్ 1772లో గిరాకీ పడిపోయినప్పుడు తన ఖర్చులన్నీ విడదీసి రాసుకున్నాడని ఎప్పుడో చదివాను. సరుకు తగ్గినా అచ్చుల ఖర్చు, అద్దె, గుమాస్తాల జీతం తగ్గడం లేదని ఆయనకి తేలింది. పనిలో పనిగా తన ఆఫీసులో జరుగుతున్న దొంగతనం కూడా బయటపడింది. మా కొట్లోనూ దొంగ బయటపడ్డాడు. ఊరికి వెళ్ళేటప్పుడల్లా ఇద్దరు బావమరుదులకీ, వియ్యాలవారికీ, పాత ఆఫీసు మిత్రులకీ ఆవకాయ సీసాలు మోసుకెళ్ళినవాడు. అద్దంలో చూసి మందలించాను.

పుస్తకంలో తేలింది ఇది. పిండి నెలకి 600 కిలోలు, ఒక్కో కిలోకి దాని సొంత ఖర్చులన్నీ పోగా మిగిలేది 10 రూపాయలు, మొత్తం 6,000. పచ్చళ్ళు 100 కిలోలు, కిలోకి 90, మొత్తం 9,000. పొడులు 50 కిలోలు, కిలోకి 100, మొత్తం 5,000. అన్నీ కలిపి 20,000. ఇక ఎవరికీ చెందని ఖర్చులు: పనిలో సాయం చేసే అమ్మాయి జీతం 9,000, గది మీద రాని అద్దె 4,000, పెద్ద గ్రైండరు వాయిదా 3,000, ఫోను, దీపాలు, చిల్లర మరమ్మతులు 2,000. వెరసి 18,000. మిగులు రెండు వేలు. ఆవిడ కుట్టుమిషను సంపాదన ఆరేడు వేలని గుర్తుందిగా. లాభం గూబలోకి రావడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. కాని నా ఒంట్లో ఆన్‌కాస్ట్ రక్తం ఉంది. 18,000ని 750 కిలోల మీద పంచాను. కిలోకి 24 వచ్చింది. ఎంత ముచ్చటైన అంకె, పైసలు లేకుండా! పిండి అసలు ధర 40, ఆన్‌కాస్ట్ 24, మొత్తం 64. అమ్ముతున్నది 50కి. అంటే కిలోకి 14 నష్టం, నెలకి 8,400. పచ్చళ్ళ మీద లాభం 6,600, పొడుల మీద 3,800. కూడితే సరిగ్గా ఆ రెండు వేలే వస్తోంది. కూడిక సరిపోయింది, ఇంకేం కావాలి?

సరిగ్గా ఆ వారంలోనే ఒక హాస్టలు మెస్సు నడిపే మనిషి వచ్చాడు. రోజూ పది కిలోల పిండి కావాలి, గిన్నెలు తనే తెచ్చుకుంటాడు, కిలో 44 ఇస్తానన్నాడు. నేను పుస్తకం తెరిచి చూపించాను. "భయ్యా, నాకే 64 పడుతోంది, 44కి ఎలా ఇవ్వను?" అన్నాను. ఆయన నా పుస్తకం వంక, గదిలో మధ్యాహ్నమంతా ఖాళీగా కూచున్న గ్రైండరు వంక చూసి దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ దండంలో గౌరవం ఉందనుకున్నాను.

ఆ మరుసటి నెల పిండి ఆపేశాను. నష్టం తెచ్చే సరుకు ఎవడమ్ముతాడు? పిండి పోతే నష్టం 8,400 పోతుంది, పచ్చళ్ళూ పొడుల మీద 10,400 నికరంగా నిలుస్తుంది. పుస్తకం చెప్పింది అదే.

పిండి ఆగింది. సాయం అమ్మాయి జీతం ఆగలేదు, పచ్చళ్ళకి కాయ తరగాలి, సీసాలు కడగాలి, పొడులు దంచాలి. గది ఆగలేదు. గ్రైండరు వాయిదా అసలే ఆగదు. పిండి నెత్తిన నేను పెట్టిన 14,400 రూపాయల ఆన్‌కాస్ట్ పిండితో పాటు చావలేదు, లేచి వచ్చి పచ్చళ్ళ మీదా పొడుల మీదా కూచుంది. పైగా నేను లెక్కలో రాయని సంగతి ఇంకొకటుంది. జనం వచ్చేది పిండి కోసం. వచ్చినవాళ్ళు చేతిలో పడ్డ గోంగూర సీసా కూడా తీసుకునేవాళ్ళు. పిండి లేకపోయేసరికి పచ్చళ్ళు 70 కిలోలకి, పొడులు 35 కిలోలకి పడ్డాయి. వచ్చింది 9,800, ఖర్చు అదే 18,000. రెండు వేల మిగులున్న కొట్టుని ఎనిమిది వేల రెండు వందల నష్టంలోకి దించాను. లెక్క తెలియనప్పుడు ఇంత నష్టం తేలేదు నేను.

దసరాకి మా మేనల్లుడు కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చాడు. వాడు సీఎంఏ. 1944లో కలకత్తాలో మొదలై 1959 చట్టంతో నిలదొక్కుకున్న కాస్ట్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ పరీక్షలు రాసి గట్టెక్కినవాడు. వాడి ముందు నా పుస్తకం పెట్టాను, శభాష్ అంటాడని. తిరగేసి, చాలాసేపు ఏమీ అనలేదు. పెద్దవాణ్ణని మొహమాటపడుతున్నాడని తరవాత తెలిసింది.

"మావయ్యా, పిండి ఆపేస్తే ఈ గది అద్దె తగ్గిందా?"

"ఎలా తగ్గుతుందిరా?"

"అమ్మాయి జీతం?"

"లేదు."

"మరి పిండి దేనికి ఖర్చయింది? పిండి ఉన్నందువల్ల నీకు కొత్తగా అయిన ఖర్చు కిలోకి 40. దాని మీద పది రూపాయలు తెచ్చి అద్దెకీ జీతానికీ సాయం చేస్తోంది. నువ్వు సాయం చేసేవాణ్ణి పట్టుకుని నీ వాటా ఇంకా బాకీ ఉందని బయటికి గెంటేశావు."

నేను ఊరుకోలేదు. అమ్మాయిని మాన్పించి ఉంటేనో అన్నాను. అప్పుడు లెక్క వేరు అన్నాడు. పిండి మానితే ఆ తొమ్మిది వేలూ నిజంగా మిగిలేటట్టయితే, అది పిండి ఖర్చే అవుతుంది, అప్పుడు ఆరు వేలు తెచ్చే పిండిని ఆపడం సబబే కావచ్చు. ఏది ఆపితే ఏది ఆగుతుందో ఒక్కొక్కటీ చూసుకోవాలి గాని, కిలోల లెక్కన పంచితే తేలదన్నాడు. కిలోల మీద ఎందుకు పంచావని అడిగాడు. కిలోలు తేలిగ్గా దొరికాయని నిజం చెప్పాను. సాయం అమ్మాయి సమయంలో మూడొంతులు పచ్చళ్ళకే పోతోందని, సమయం మీద పంచి ఉంటే పిండి లాభాల్లో, పచ్చళ్ళు బోసిగా కనిపించేవని వాడు అక్కడికక్కడే వేసి చూపించాడు. అదే కొట్టు, అదే నెల, అవే రూపాయలు. పంచే బద్ద మార్చగానే దొంగ దొరా తారుమారయ్యారు.

ఇది చూశాక నాకు రైలు టికెట్టు గుర్తొచ్చింది. ప్రయాణం ఖర్చులో సగటున 57 శాతమే రైల్వే వసూలు చేస్తోందని టికెట్ల మీద అచ్చువేసేవారు. ఆ వాక్యం చదివినప్పుడల్లా ప్రయాణికుడు అపరాధిగా కూచోవాలి. అది అబద్ధమని అనను, ప్యాసింజరు బళ్ళ నష్టాన్ని సరుకు బళ్ళు పూడుస్తున్న మాట అందరికీ తెలిసిందే. కాని బిలాస్‌పూర్ దాటిన పట్టా మీద బొగ్గు రేకూ వెళ్తుంది, ప్యాసింజరూ వెళ్తుంది. ఆ పట్టాలో, సిగ్నల్లో, స్టేషను మాస్టరు జీతంలో మన వాటా ఎంత? టన్నుల మీద పంచితే ఒకటి వస్తుంది, బళ్ళ లెక్కన పంచితే ఇంకొకటి వస్తుంది. టికెట్టు మీద ఒకే అంకె ఉంటుంది, పంచిన పద్ధతి ఉండదు. ఇలాంటి అంకెలు వండే వంటశాలలో బతికినవాణ్ణయ్యుండి కూడా టికెట్టు మీది అంకెని వేదవాక్యంగా చదివాను.

అసలు ఈ విద్యకి పురుడు పోసినవాళ్ళలో రైల్వేవాళ్ళే ముందున్నారు. అమెరికాలో లూయీవిల్–నాష్‌విల్ లైనులో పనిచేసిన ఆల్బర్ట్ ఫింక్ అనే ఇంజనీరు 1870ల్లోనే ఖర్చుల్ని వేరుచేశాడు, బండి నడిచినా నడవకపోయినా అయ్యేవి ఒకవైపు, బండి నడిస్తేనే అయ్యేవి ఒకవైపు. 1923లో జాన్ మారిస్ క్లార్క్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు ఆన్‌కాస్ట్ లాంటి ఖర్చుల మీదే లావుపాటి పుస్తకం రాసి, అడిగే ప్రశ్నని బట్టి ఖర్చు మారుతుందని వాదించాడు. ఆడిట్‌కి చూపించే ఖర్చు వేరు, పిండి ఆపాలా అన్న ప్రశ్నకి చూడాల్సిన ఖర్చు వేరు, హాస్టలుకి 44కి ఇవ్వాలా అన్నదానికి చూడాల్సినది మళ్ళీ వేరు. నేను మూడింటికీ 64 అనే ఒక్క తాళంచెవి పట్టుకుని తిరిగాను.

హాస్టలు సంగతి వాడికి చివర్లో చెప్పాను, ధైర్యం కూడగట్టుకుని. కవరు లేదు, కుర్రాడు లేడు, ముందురోజే చెప్తారు కాబట్టి పారబోత లేదు. కిలోకి నిజంగా పడేది 30. పైన 14. నెలకి 300 కిలోల మీద 4,200. గ్రైండరు ఎలాగూ ఖాళీ. మా వాడు తల పట్టుకోలేదు, పెద్దవాణ్ణి కదా. సీపత్ వైపు చెయ్యి చూపించాడు. మా రోడ్డునే తిన్నగా వెళ్తే ఎన్టీపీసీ విద్యుత్కేంద్రం వస్తుంది, 2,980 మెగావాట్లది, దీప్కా గని నుంచి బొగ్గు తెచ్చుకుంటుంది. కేంద్రాన్ని సిద్ధంగా ఉంచినందుకు ఒక చార్జీ, మండించిన బొగ్గు లెక్కన కరెంటుకి వేరే చార్జీ, ఇలా రెండు ముక్కలుగా దాని ధర ఉంటుంది. ఏ కేంద్రం కరెంటు ముందు తీసుకోవాలో తేల్చేటప్పుడు చూసేది రెండోదాన్నే. కట్టేసిన కేంద్రం ఖర్చు ఎలాగూ ఇవ్వాల్సిందే కాబట్టి ఆ ప్రశ్నలోకి దాన్ని రానివ్వరు. గనికి దగ్గరున్న కేంద్రాలకి ముందు పిలుపొచ్చేది అందుకే. ఆ పొగగొట్టాల నీడన కొట్టు పెట్టుకుని, ఆ కరెంటుతో పిండి రుబ్బుతూ, హాస్టలు మనిషికి 64 చూపించి పంపేశాను.

దీనికీ ఒక తోక ఉంది. మేనల్లుడి మాటలు నాకు మరీ ఎక్కువగా ఎక్కాయి. సొంత ఖర్చు దాటి ఎంతొచ్చినా మేలే కదా అని, అడిగినవాళ్ళకల్లా తగ్గించడం మొదలుపెట్టాను. పెళ్ళివారికి 44, పక్క వీధివాళ్ళకి 45. ఇక రోజూ వచ్చేవాళ్ళు "మేమేం పాపం చేశాం?" అన్నారు. అందరికీ 44 అయితే 18,000 ఎవరు కడతారు? ఖాళీగా ఉన్న గ్రైండరుకి అదనంగా వచ్చే పనికి చెల్లే ధర, రోజువారీ బేరానికి చెల్లదు. ఇది కూడా మా ఆవిడే చెప్పింది, అయితే మేనల్లుడి కన్నా గట్టిగా.

ఇప్పుడు పిండి మళ్ళీ ఉంది, కిలో 56. గొణుక్కున్నారు, కొందరు మానేశారు, నెలకి 520 కిలోలు పోతోంది. పాత హాస్టలు వేరేచోట కుదుర్చుకుంది, ఇంకొక మెస్సు దొరకడానికి చాలాకాలం పట్టింది. అదీ 44కే, 300 కిలోలు. పచ్చళ్ళు 90, పొడులు 45 దాకా కోలుకున్నాయి. అన్నీ కలిపి నెలకి 25,120. అందులో 18,000 పోను మిగిలేది 7,120. మా ఆవిడ జీతం పుస్తకంలో మొదటి వరసలోకి ఎక్కింది, నెలకి ఏడు వేలు, ఒకటో తారీఖున చేతికిస్తున్నాను. కొట్టు నికర లాభం 120 రూపాయలు.

2021-22లో రైల్వే వంద సంపాదించడానికి 107 రూపాయల 39 పైసలు ఖర్చుపెట్టిందని లెక్క బయటికొచ్చినప్పుడు పాత మిత్రులు ఫోన్లు చేసి నవ్వారు. నేను నవ్వలేదు. మా వంద దేనికెంత పంచామో చూసుకుంటున్నాను అన్నాను.

గ్రైండరు వాయిదాలు వచ్చే ఏడాది తీరతాయి. జంతికల మిషను అటక మీద ఉంది, బాగానే పనిచేస్తుంది. సీపత్ రోడ్డు వైపు ఎవరికైనా కావాలంటే వచ్చి చూసుకోండి. ఎంతకి కొన్నానో చెప్పను, మీరు ఎంతిస్తారో చెప్పండి.